పక్కకుట్టు

పోయినవారం మనం టైలరమ్మను బ్రోకరు షెడ్డులో, వెండిరంగు కారు పక్కన మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. ఆవిడ చెయ్యి డ్రైవరు సీటు వీపు పక్కన, తలుపు వైపు, తోలు అతుకు మీద ఆగిపోయి ఉంది. మొహంలో రంగు మారింది. ఆ చేతికి ఏం తగిలిందో చెప్పేముందు, ఈ వారమే వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. పాతవాళ్ళు కాసేపు ఓపిక పట్టాలి మరి.

టైలరమ్మ బట్టలు కుట్టదు, కార్ల సీట్లు కుడుతుంది. మెకానిక్ షెడ్ల వీధిలో చివరి దుకాణం ఆవిడది. ఆవిడ మిషను మీద కూర్చుంటే, మొగుడు కత్తెర పట్టుకుని తోలూ రెగ్జినూ కోసి ఇస్తాడు. అందుకే వీధంతా ఆయన్ని కత్తెరాయన అంటుంది. ఈ ఇద్దరి మధ్యకి ఇప్పుడు వచ్చిపడ్డవాడు టైలరమ్మ తమ్ముడు. పదిహేనేళ్ళు పరాయివాళ్ళ కార్లు తోలి విసిగి, ఉన్న ఉద్యోగానికి దండం పెట్టేసి, సొంత కారు కొనుక్కోవడానికి బయల్దేరాడు. ఒక పెద్ద హోటలువాళ్ళు తమ అతిథుల్ని తిప్పడానికి అతని కారు పెట్టుకుంటామన్నారు. షరతులు రెండే. చూడగానే పెద్దింటి కారులా ఉండాలి, రేపు పొద్దున్నకల్లా హోటలు గుమ్మం ముందు ఉండాలి. ఆలస్యమైతే ఆ పని ఇంకొకడికి పోతుంది, తమ్ముడికి తిరిగి వెళ్ళడానికి పాత ఉద్యోగమూ లేదు.

కొత్తది కొనే తాహతు లేదు కనక, ఒకప్పుడు దర్జాగా బతికి ఇప్పుడు ముసలివైపోయిన కార్లు రెండు చూసుకున్నాడు. రెండింటికీ పదమూడేళ్ళు. నల్లది ఒక పళ్ళ డాక్టరమ్మది, వెండిది పాత కార్లు అమ్మిపెట్టే బ్రోకరుది. నల్లదానికి ఇంజను కాస్త గొణుగుతుంది, వెండిది నోరు మెదపదు. మెకానిక్కుని అడిగితే రెండూ బానే ఉన్నాయని, రెండింటినీ నమ్మలేమని ఒకే ఊపిరిలో చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు.

టైలరమ్మ ఓటు నల్లదానికి. కారణం దాచుకోలేదు కూడా. నాలుగేళ్ళ కిందట ఆ కారు సీట్లన్నీ కుట్టింది తనే. అప్పుడు డ్రైవరెవరో తెచ్చాడు, డ్రైవరే తీసుకెళ్ళాడు, ఓనరు మొహం చూసింది లేదు. కానీ పోయినవారం తమ్ముడు ఆ కారు తెచ్చి దుకాణం ముందు ఆపితే, తలుపు తీసి సీటు మీద చెయ్యి పెట్టగానే గుర్తుపట్టింది. ఎక్కడా జారలేదు, పిగలలేదు. ఆ రోజంతా ఆవిడ కాళ్ళు నేల మీద లేవు.

కత్తెరాయన మాత్రం వెండిదే అన్నాడు. ఒకసారి కాదు, మూడు రోజులుగా అదే పాట. ఏం వండమంటారన్నా నీ ఇష్టం, చుట్టాల పెళ్ళికి ఏ రంగు చీర అన్నా నీ ఇష్టం అనే మనిషికి ఇప్పుడు ఒక కారు మీద ఇంత పట్టుదల ఎక్కడ్నుంచి వచ్చిందో ఆవిడకి అంతుపట్టలేదు. పైగా ఏడాదిగా ప్రతి ఆదివారం ఫోము చూసొస్తానని వెళ్ళి, ఫోము లేకుండా తిరిగొస్తున్నాడు. వీధిలో ఎవరో ఆయన్ని బ్రోకరుతో చూశామన్నారు. అంతే, ఈ రెండూ ఆవిడ బుర్రలో ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. అందుకే ఇవాళ పొద్దున్నే, మొగుడికి చెప్పకుండా, షెడ్డుకి వచ్చింది.

ఇప్పుడు ఆ చేతి సంగతి.

కంపెనీ కుట్టు వేలికి తగిలితే చెప్పొచ్చు. మిషను కుట్టు కదా, దూరాలు తూచినట్టుంటాయి. ఈ సీటు పక్కన ఉన్నది మిషను కుట్టు కాదు. వంకర సూదితో, సీటు ఊడదీయకుండా, చేత్తో వేసిన కుట్టు. ఎంత నైపుణ్యంగా వేసినా చేతికుట్టుకి ఒక వాలు ఉంటుంది. లోకంలో అందరి కుట్టూ ఒకవైపు వాలితే ఇది రెండోవైపు వాలి ఉంది. ఎడమచేతివాటం మనిషి వేసిన కుట్టు అది. ఆ మొత్తం వీధిలో సూది పట్టే ఎడమచేతివాటం మనిషి ఒక్కడే, ఆయన రాత్రి తన పక్కనే పడుకుని గురకపెట్టాడు.

"ఏంటమ్మా, చెవిపోగు పడిపోయిందా?" అంటూ బ్రోకరు వెనక నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. చెప్పులు చప్పుడు చెయ్యని మనుషులంటే టైలరమ్మకి మొదట్నుంచీ పడదు.

"ఈ సీటు ఎవరు కుట్టారు?"

"కంపెనీ సీటేనమ్మా. ముట్టుకున్న పాపాన పోలేదు."

"కంపెనీవాడు ఎడంచేత్తో కుడతాడా?"

బ్రోకరు నవ్వడానికి ప్రయత్నించి మధ్యలో మానేశాడు. చేతిలో తాళాల గుత్తి అటూ ఇటూ తిప్పాడు. "మీరు పనితనం తెలిసినవాళ్ళు, మీ దగ్గర దాచి ఏం చేస్తాం. చిన్న చిరుగు ఉంటే వేయించాం. ఎవరు వేశారో మీ ఇంట్లోనే అడగండి," అని, ఫోను రాకుండానే ఫోను చెవిదగ్గర పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయాడు.

ఆవిడ అక్కడే నిలబడి తమ్ముడికి ఫోను చేసింది. ఒళ్ళు మండిపోతోంది. "వెండిది వద్దురా. కారణం తర్వాత చెబుతా. ఆ షెడ్డు గడప తొక్కకు."

"బావ వెండిదే బాగుందన్నాడే."

"మీ బావ సంగతి నేను చూసుకుంటా."

"సరే అక్కా," అన్నాడు తమ్ముడు. చిన్నప్పట్నుంచీ అంతే, అక్క వద్దంటే ఎందుకని అడిగే అలవాటు లేదు.

షెడ్డు నుంచి దుకాణానికి పావుగంట నడక, ఆవిడ మాత్రం ఊరంతా చుట్టి మధ్యాహ్నానికి చేరింది. ఆ తిరుగుడులో టైలరమ్మ మొగుణ్ణి ఎన్ని రకాలుగా అనుమానించాలో అన్ని రకాలుగానూ అనుమానించింది. కమీషన్ తిన్నాడా అనుకుంది. తిన్నా దాచుకునే తెలివి లేదు, చొక్కా జేబులో ఏదున్నా ఉతికేటప్పుడు తనకే దొరుకుతుంది. బ్రోకరుకి ఎక్కడన్నా దొరికిపోయాడా? ఆ ఆలోచన మాత్రం వదల్లేదు. ఇంటిమనిషిని, సొంత బావమరిదిని, పాడైపోయిన కారులో కూర్చోబెట్టాలంటే ఎంత పెద్ద గుట్టు ఉండాలి? మందులషాపు దాటేసరికి ఆయన మీద జాలి కూడా వేసింది. దుకాణం కనబడేసరికి జాలి పోయి కోపమే మిగిలింది.

లోపల కత్తెరాయన నేల మీద కూర్చుని తోలుముక్క మీద సుద్దతో గీత గీస్తున్నాడు. ఫోము ముక్కలూ, గమ్ము వాసనా, గోడ కొక్కేలకి వేలాడుతున్న సీటు తొడుగులూ. టైలరమ్మ లోపలికి వచ్చి షట్టరు సగానికి దించింది. మధ్యాహ్నం పూట ఆ షట్టరు దించడం ఎప్పుడూ లేదు. ఆయన సుద్ద పక్కన పెట్టాడు.

"వెండి కారు డ్రైవరు సీటు మీరే కుట్టారు," అంది.

ఆయన నీళ్ళు నమల్లేదు. అదే ఆవిడకి ముందు విచిత్రంగా అనిపించింది.

"కుట్టాను. ఏడాది అయింది."

"నాకు చెప్పకుండా."

"నీకు చెప్పకుండానే."

"ఆ కారుకి ఏదో పెద్ద దెబ్బ తగిలింది. అది మూసిపెట్టడానికి మిమ్మల్ని పిలిచారు. మీరు వెళ్ళి మూసిపెట్టారు. ఇప్పుడు దాన్నే నా తమ్ముడికి అంటగడుతున్నారు. ఔనా, కాదా?"

"అంతవరకూ ఔను," అన్నాడు కత్తెరాయన. "కూర్చో."

"నేను కూర్చోను. ఆదివారాలు ఎక్కడికి పోతున్నారో అది చెప్పండి ముందు."

"అది చెప్పాలంటే నువ్వు కూర్చోవాలి."

ఆవిడ మిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. అలవాటుగా కాలు పెడలు మీదకి పోయింది. ఆయన లేచి, కొక్కేనికి వేలాడుతున్న పాత సీటు తొడుగు ఒకటి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. కంపెనీ తొడుగు, ఏదో కారుది, కొత్తది కుట్టడానికి కొలతకని ఉంచుకున్నది. తలుపు వైపు వచ్చే అతుకు దగ్గర చిన్న గుడ్డ చీటీ ఉంది.

"ఈ అతుకు లాగి చూడు."

ఆవిడ లాగింది. టప్పున రెండు కుట్లు తెగాయి.

"ఇదేముంది," అంది. "కంపెనీవాళ్ళు ఇక్కడ దారం పిసినారితనం చేస్తారు. సీటంతా గట్టి దారం వేసి ఇక్కడికొచ్చేసరికి సన్నం వేస్తారు. నేను ఎప్పుడూ ఇది విప్పి మూడుపోగుల దారంతో రెండుసార్లు వేస్తాను. లాగి చూడమని చెప్పి మరీ ఇస్తాను. మీకు తెలిసిందేగా."

"తెలుసు. ఈ చీటీ మీద ఏం రాసుందో ఎప్పుడన్నా చదివావా?"

"కంపెనీ పేరు. మళ్ళీ అదే చోట అందంగా కుట్టిపెడతాను."

"కంపెనీ పేరు కాదు," అన్నాడు. ఇంతవరకు తిన్నగా చూసిన మనిషి ఇప్పుడు నేలవైపు చూస్తున్నాడు. "లోపల ఎయిర్‌బ్యాగ్ ఉందని రాసుంది. స్టీరింగులోనే కాదు, పెద్ద కార్లలో సీట్లో కూడా పెడతారు. పక్కనుంచి ఏదన్నా వచ్చి గుద్దితే, రెప్ప వాల్చేలోపల అది ఉబ్బి, ఈ కుట్టు తెంచుకుని బయటికి రావాలి. మనిషికీ తలుపుకీ మధ్య దిండులా అడ్డం పడాలి. అందుకని ఇక్కడ సన్నదారం వేస్తారు. పిసినారితనం కాదు. తెగడానికే వేస్తారు."

టైలరమ్మ ఒళ్ళో తొడుగు వైపు చూసింది. తెగిన రెండు కుట్ల దగ్గర దారం కొసలు లేచి ఉన్నాయి.

"మీకెవరు చెప్పారు?"

"వెండి కారే చెప్పింది. ఎవరో పక్కనుంచి గుద్దితే ఆ డ్రైవరు సీటు విచ్చుకుంది. బ్రోకరు పిలిచి చిరుగు కుట్టమన్నాడు. వెళ్ళి చూస్తే చిరుగే లేదు. తోలు ఎక్కడా చిరగలేదు, కుట్టు మాత్రం పైనుంచి కిందిదాకా వరసగా విడిపోయింది. ఇలా ఎలా విడిపోయిందని అక్కడి మెకానిక్కుని అడిగితే నవ్వి, లోపలున్నది బయటికొచ్చి డ్రైవరుని కాపాడిందని చెప్పాడు. డ్రైవరు మర్నాడే డ్యూటీకి వెళ్ళాడట. విచ్చుకున్న బ్యాగు కోసి పారేశారు, కొత్తది పెట్టలేదు. ఖాళీ సీటు మూసి ఇమ్మన్నారు. మూసి ఇచ్చాను. అది తప్పే. కానీ అప్పుడు నా బుర్రలో ఆ సీటు లేదు."

"ఏముంది?"

"నువ్వు కుట్టినవి ఉన్నాయి."

బయట ఎవరో షట్టరు మీద తట్టి, పని ఉందా అని అడిగి, జవాబు రాకపోతే వెళ్ళిపోయారు.

"ఆదివారాలు అవే వెతుక్కుంటూ తిరిగాను," అన్నాడు కత్తెరాయన. "పెద్ద కార్లు ఎవరెవరు కుట్టించుకున్నారో గుర్తున్నంతవరకు. సీటు చూసిపోతాను, ఉచితమే అని చెప్పి, ఆ పక్క కుట్టు ఒక్కటీ విప్పి సన్నదారంతో వేసి వచ్చేవాణ్ణి. పదకొండు దొరికాయి. కొన్ని వేరే ఊళ్ళకి అమ్ముడుపోయాయి. కొన్ని ఎవరివో గుర్తులేదు."

"నా కుట్టు విప్పారా," అంది టైలరమ్మ. ఆ మాటే ఎందుకు ముందు వచ్చిందో ఆవిడకే తెలీదు. అన్నాక సిగ్గేసింది.

"విప్పాను."

"నాకెందుకు చెప్పలేదు? ఏడాది. ఈ ఏడాదిలో నేను ఎన్ని సీట్లు కుట్టాను."

"పెద్ద కారు ఏదొచ్చినా ఆ పక్క నేనే కుడతానని లాక్కోలేదా? కళ్ళు మసకగా ఉన్నాయి, దగ్గరి పని నాకివ్వు అన్నానుగా." ఆయన గొంతు తగ్గింది. "చెబితే నువ్వు ఇంక మిషను ముట్టవు. నాకు తెలుసు నిన్ను. చెప్పకుండా సర్దేద్దామనుకున్నాను. నాకు ధైర్యం చాల్లేదు, అంతే."

టైలరమ్మకి ఆయన్ని కొట్టాలనిపించింది. అంతకంటే ఎక్కువగా ఆయన పక్కన కూర్చుని ఏడవాలనిపించింది. ఏదీ చెయ్యకుండా, పొద్దున్నుంచీ కడుపులో పెట్టుకున్న ప్రశ్న అడిగింది. "మరి వెండిది ఖాళీ అని తెలిసీ దాన్నే కొనమని ఎందుకు పట్టుబట్టారు?"

"ఖాళీ అని నాకు తెలుసు గనక. కొన్న మర్నాడే కొత్తది పెట్టించి, నేనే కుట్టిచ్చేవాణ్ణి. నీకు తెలియకుండా అయిపోయేది. నల్లది కొంటే అలా కాదు. దాని సీట్లు నువ్వు రోజూ చూస్తావు, చేత్తో తడుముతావు. నీ కుట్టు విప్పితే ఆ రోజే పట్టేస్తావు."

"అంతేనా?"

ఆయన వంగి నేల మీది సుద్ద తీసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన సంగతి ఆవిడకి తెలుసు. ఇంకా ఏదో దాచాడు.

"ఇంకేముంది. చెప్పండి."

"తమ్ముడు నల్లది తెచ్చినరోజు నువ్వు సీట్లు చూస్తున్నావు. నేను తలుపులు చూశాను. డ్రైవరు పక్క సీటు వైపు తలుపు కంపెనీది కాదు. మార్చారు. బోల్టుల మీద పానా గీతలున్నాయి, తలుపు బిగించే స్తంభం దగ్గర రేకు సాగగొట్టి రంగు వేశారు. గట్టి దెబ్బే." ఆయన ఒక్కొక్క మాటా తోడినట్టు తీశాడు. "నువ్వు కుట్టిన తర్వాతే తగిలింది, తలుపు లోపలి తోలు నీది కాదు. సీటు మాత్రం నీదే. పక్కకుట్టు అలాగే ఉంది. ఒక్క పోగు తెగలేదు."

పోయినవారం ఆ పక్కకుట్టు మీద చెయ్యి పెట్టి ఎంత మురిసిపోయిందో ఆవిడకి గుర్తొచ్చింది. ఒళ్ళో తొడుగు తీసి కింద పెట్టేసింది.

"అప్పుడు ఆ సీట్లో ఎవరన్నా ఉన్నారా?"

"తెలీదు. డాక్టరమ్మని అడగాలని రెండుసార్లు వాళ్ళ క్లినిక్కు దాకా వెళ్ళి వచ్చేశాను. నోరు రాలేదు."

టైలరమ్మ ఫోను తీసింది. రెండోసారికి గాని తమ్ముడి నంబరు కలవలేదు. ఎత్తగానే వెనక రోడ్డు చప్పుడు, ఇంజను గొణుగుడు వినిపించాయి. ఆ గొణుగుడు ఏ కారుదో ఆవిడకి చెప్పక్కర్లేదు.

"నూరేళ్ళు నీకు, ఇప్పుడే చేద్దామనుకుంటున్నా అక్కా," అన్నాడు తమ్ముడు. గొంతులో సంబరం. "నల్లది తీసేసుకున్నా. పొద్దున నువ్వు వెండిది వద్దన్నాక ఇంకేం ఆలోచించలేదు. పేరు మార్పించడానికి రిజిస్ట్రేషను ఆఫీసుకి పోతున్నాం."

"పోతున్నాం అంటే ఎవరెవరు?"

"నేనూ అమ్మా డాక్టరమ్మగారూ. అమ్మకి వెనక కూర్చుంటే తల తిరుగుతుందిగా, నా పక్కన కూర్చోబెట్టా. కొడుకు కారులో మొదటిసారి అని ఒకటే మురిసిపోతోంది."

"బండి పక్కకి తీసి ఆపు."

"ఎందుకక్కా?"

"ముందు ఆపరా. అమ్మని దింపి వెనక కూర్చోబెట్టు. తల తిరిగినా ఫరవాలేదు."

తమ్ముడు ఈసారీ కారణం అడగలేదు. ఇండికేటరు టిక్కుటిక్కుమంది, ఇంజను ఆగింది. నాకిక్కడే బాగుంది కదరా అని తల్లి గొణగడం, తలుపు తెరిచిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు. టైలరమ్మ అప్పుడు ఊపిరి వదిలింది. కత్తెరాయన గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"మార్చానక్కా," అన్నాడు తమ్ముడు. సంబరం పోయి గొంతు జాగ్రత్తగా ఉంది. బయట నిలబడి మాట్లాడుతున్నాడు కాబోలు. "ఏమైందో తెలీదు గాని, ఇక్కడ కూడా ఏదో తేడాగా ఉంది. ఈ సీట్లు కుట్టింది మా అక్కే అని ఇందాక గొప్పగా చెప్పాను. అప్పట్నుంచీ డాక్టరమ్మగారు నోరు విప్పలేదు. ఇదిగో, నీతో మాట్లాడాలట, ఇస్తున్నా."

ఫోను చేతులు మారింది. కొత్త గొంతు నెమ్మదిగా, రోగికి చెప్పినట్టు మాట్లాడింది. "డ్రైవరు పక్క సీటు, తలుపు వైపు ఉన్న కుట్టు. అది కూడా మీ చేతిదేనా అమ్మా?"

టైలరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మిషనువాడెవడో, పనివాడెవడో అనమన్నట్టు గోడవైపు చెయ్యి చూపించాడు. పదకొండు కార్ల మీద పదకొండు అబద్ధాలు చెప్పొచ్చిన చెయ్యి అది, ఆవిడ కోసమే చెప్పింది.

"నాదేనమ్మా," అంది టైలరమ్మ.

 "రెండేళ్ళుగా మీకోసం వెతుకుతున్నాను. దుకాణం ఎక్కడో చెప్పండి, ఇవాళే వస్తాం," అంది డాక్టరమ్మ.

టైలరమ్మ వీధి గుర్తులు చెప్పింది. మలుపు చెప్పింది, చివరి షట్టరు అని చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

"ఇంకొక్క మాట," అంది డాక్టరమ్మ. "మీ దుకాణానికి మెట్లున్నాయా? మా అమ్మాయిని కూడా తీసుకొస్తున్నాను. చక్రాల కుర్చీ ఎక్కించాలి."

టైలరమ్మ గుమ్మం వైపు చూసింది. మూడు మెట్లున్నాయి.